యువ డిఫెండర్‌ను అంచనా వేయడమెలా? కుబార్సీ ఆటే పాఠం

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పేరు మరునాడు పత్రికల్లో కనిపిస్తుంది. గోల్ పడకుండా అడ్డుకున్నవాడి పేరు సాధారణంగా కనిపించదు. అతడు పొరపాటు చేసిన రోజున మాత్రం తప్పక కనిపిస్తుంది. అందుకే వర్ధమాన స్ట్రైకర్‌ను గుర్తించడం సులువు, వర్ధమాన డిఫెండర్‌ను తూకం వేయడం కష్టం. స్పెయిన్‌కు చెందిన సెంటర్ బ్యాక్ పౌ కుబార్సీ 17 ఏళ్లు నిండకముందే బార్సిలోనా సీనియర్ జట్టులో అడుగుపెట్టాడు. ఏడాదిన్నర గడిచేలోగా క్లబ్‌కు ప్రధాన రక్షకుడయ్యాడు. ఇంత చిన్న వయసులో ఇంత పెద్ద బాధ్యత మోసిన ఆటగాడి సత్తాను దేనితో కొలవాలన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

ఎవరీ కుబార్సీ?

2007 జనవరి 22న జన్మించిన కుబార్సీది కాటలోనియా ప్రాంతంలో జిరోనా నగరానికి సమీపంలోని ఎస్తాన్యోల్ అనే చిన్న గ్రామం. వడ్రంగం వృత్తిగా జీవించే కుటుంబం అతడిది. జిరోనా క్లబ్‌లో ఓనమాలు దిద్దుకుని, 2018లో బార్సిలోనా శిక్షణ సంస్థ లా మాసియాలో చేరాడు. 2024 జనవరి 18న కోపా డెల్ రే టోర్నీలో సలమాంకాకు చెందిన యూనియనిస్టాస్ జట్టుపై సీనియర్ స్థాయిలో అరంగేట్రం చేశాడు. అప్పటికి అతడికి 17 ఏళ్లు నిండడానికి ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. ఆ సమయంలో జట్టు రక్షణ శ్రేణిని గాయాలు వేధిస్తున్నాయి. లా మాసియాలోనే పెరిగిన నాటి కోచ్ జావి హెర్నాండెజ్ అవకాశం ఇవ్వగా, కుబార్సీ దానిని జారవిడుచుకోలేదు.

అదే ఏడాది మార్చి 12న ఛాంపియన్స్ లీగ్‌లో నాపోలిపై బరిలోకి దిగాడు. విక్టర్ ఒసిమెన్ వంటి బలిష్ఠుడైన స్ట్రైకర్ ఎదురుగా ఉన్నా తొణకలేదు. బార్సిలోనా 3-1తో నెగ్గిన ఆ పోటీలో ఉత్తమ ఆటగాడి పురస్కారం అతడినే వరించింది. మరో పది రోజులకు లండన్‌లో కొలంబియాతో జరిగిన స్నేహపూర్వక పోటీలో స్పెయిన్ జాతీయ జట్టు తరఫున ఆడాడు. ఆనాటికి అతడి వయసు సరిగ్గా 17 ఏళ్ల రెండు నెలలు.

మొదట చూడాల్సింది పాస్

డిఫెండర్ అనగానే ఎదుటివాడి కాళ్ల మధ్య నుంచి బంతిని లాక్కునే దృశ్యమే చాలామందికి గుర్తుకొస్తుంది. అయితే ట్యాకిళ్ల సంఖ్యను బట్టి డిఫెండర్‌ను అంచనా వేస్తే పొరపడే ప్రమాదం ఉంది. సరైన చోట ముందే నిలబడినవాడికి నేలమీద జారి బంతిని అందుకోవాల్సిన అవసరం తక్కువగా వస్తుంది. ఎక్కువ ట్యాకిళ్లు చేస్తున్నాడంటే కొన్నిసార్లు అతడు ఆలస్యంగా చేరుకుంటున్నాడని కూడా అర్థం.

కుబార్సీ ప్రత్యేకత బంతిని గెలుచుకున్న తరువాత బయటపడుతుంది. ప్రత్యర్థులు ఇద్దరు ముగ్గురు మీదికి ఉరికి వస్తున్నా బంతిని గుడ్డిగా ముందుకు తన్నేయడు. తల పైకెత్తి, మధ్య శ్రేణిలో ఖాళీగా ఉన్న సహచరుడిని వెతికి, నేలబారు పాస్‌తో అందిస్తాడు. ఒక్క పాస్‌తో ప్రత్యర్థి జట్టులో నలుగురైదుగురు వెనకబడిపోతారు. గోల్‌కీపర్ నుంచే దాడిని నిర్మించే బార్సిలోనా పద్ధతిలో ఈ నైపుణ్యం లేని రక్షకుడికి స్థానం దొరకడం కష్టం.

ఆఫ్‌సైడ్ వలలో గీత తప్పకుండా

రెండో కొలమానం స్థానం ఎంపిక. 2024 వేసవిలో కోచ్‌గా వచ్చిన జర్మనీకి చెందిన హాన్సీ ఫ్లిక్ రక్షణ శ్రేణిని మైదానం మధ్య గీత దాకా ముందుకు జరిపాడు. సహచరుడు బంతిని అందించిన క్షణంలో దాడి చేసే ఆటగాడు ప్రత్యర్థి అర్ధభాగంలో ఉండి, బంతికన్నా, చివరినుంచి రెండో ప్రత్యర్థికన్నా గోల్‌కు చేరువగా ఉంటే ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్లు. ఈ నిబంధనను ఆధారం చేసుకుని వల పన్నాలంటే నలుగురు రక్షకులూ ఒకే గీతపై, ఒకే క్షణంలో కదలాలి. ఒక్కడు అర అడుగు వెనకబడినా వల తెగిపోతుంది, వెనుక గోల్‌కీపర్ ఒంటరిగా మిగులుతాడు.

2024 అక్టోబరు 26న రియల్ మాడ్రిడ్‌పై వారి సొంత మైదానంలోనే బార్సిలోనా 4-0తో గెలిచినప్పుడు ఈ వల బలం లోకానికి తెలిసింది. ఆ ఒక్క పోటీలో రియల్ ఆటగాళ్లు 12 సార్లు ఆఫ్‌సైడ్‌కు దొరికిపోయారు. అనుభవజ్ఞుడైన ఇనిగో మార్టినెజ్ పక్కన నిలబడి ఆ గీతను కాపాడిన కుబార్సీ వయసు అప్పటికి 17 ఏళ్లే కావడం గమనార్హం. 2025 ఆగస్టులో మార్టినెజ్ సౌదీ అరేబియాకు తరలిపోవడంతో, పక్కన నడిపించే పెద్ద దిక్కు లేకుండా ఆడవలసి రావడం అతడికి మరో పరీక్ష అయింది.

తప్పు చేసిన రోజు

డిఫెండర్‌ను అంచనా వేయడానికి అతడు బాగా ఆడిన రోజులు చాలవు. 2025 మార్చి 5న లిస్బన్‌లో బెన్ఫికాతో జరిగిన ఛాంపియన్స్ లీగ్ పోటీలో ఒంటరిగా గోల్ వైపు దూసుకెళుతున్న ప్రత్యర్థిని పడగొట్టి, 22వ నిమిషంలోనే కుబార్సీ రెడ్‌కార్డుకు గురయ్యాడు. మిగిలిన సమయమంతా పది మందితోనే ఆడిన బార్సిలోనా 1-0తో గట్టెక్కడంతో ఆ తప్పు భారం తగ్గింది.

మే 6న మిలన్‌లో అలా జరగలేదు. ఇంటర్ జట్టుతో సెమీఫైనల్ రెండో లెగ్‌లో, ప్రథమార్ధం ముగింపు వేళ లౌతారో మార్టినెజ్‌ను అడ్డుకునే ప్రయత్నంలో కుబార్సీ పెనాల్టీ ఇచ్చుకున్నాడు. దానిని ఇంటర్ గోల్‌గా మలచుకుంది. అదనపు సమయం దాకా సాగిన ఆ పోరులో బార్సిలోనా 3-4తో, రెండు లెగ్‌లూ కలిపి 6-7తో ఓడింది. ఓటమికి అతడొక్కడినే బాధ్యుడిని చేయడం న్యాయం కాదు. సుదూరం పరుగెత్తాల్సి వచ్చినప్పుడు అతడి వేగం సాధారణమేనన్న లోపాన్ని మాత్రం ఈ రెండు సంఘటనలూ ఎత్తిచూపాయి. మధ్య గీత వద్ద నిలబడే రక్షకుడికి ఇది చిన్న లోపం కాదు.

అదే సీజన్‌లో లా లిగా, కోపా డెల్ రే, స్పానిష్ సూపర్ కప్ బార్సిలోనా వశమయ్యాయి. ఫిబ్రవరి 25న అట్లెటికో మాడ్రిడ్‌తో 4-4గా ముగిసిన కోపా సెమీఫైనల్ తొలి లెగ్‌లో కుబార్సీ తలతో కొట్టిన గోల్, క్లబ్ తరఫున అతడికి తొలి గోల్. అంతకుముందు 2024 జూన్‌లో యూరో కప్ తుది జట్టు నుంచి చివరి క్షణంలో తప్పించినా కుంగిపోలేదు. ఆ ఆగస్టులోనే పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో ఫ్రాన్స్‌ను 5-3తో ఓడించి స్వర్ణం సాధించిన స్పెయిన్ జట్టులో సభ్యుడయ్యాడు. దెబ్బ తిన్న ప్రతిసారీ మళ్లీ అదే ప్రశాంతతతో బంతిని అడిగి తీసుకోవడం అతడిలోని అసలైన బలంగా చెప్పుకోవచ్చు.

లేత శరీరంపై భారం

ఇక్కడ హెచ్చరిక కూడా అవసరం. 2024-25 సీజన్‌లో కుబార్సీ క్లబ్ తరఫున 50కి పైగా పోటీలు ఆడాడు. ఇదే క్లబ్‌లో పెడ్రి 2020-21లో క్లబ్, దేశం తరఫున కలిపి 73 పోటీలు ఆడి, ఆ తరువాతి కాలంలో కండరాల గాయాలతో నెలల తరబడి దూరమయ్యాడు. 16 ఏళ్లకే సంచలనం సృష్టించిన అన్సు ఫాతి 2020 నవంబరులో మోకాలికి గాయమైన తరువాత మునుపటి స్థాయిని అందుకోలేకపోయాడు. ఫ్రాన్స్‌కు చెందిన మేటి డిఫెండర్ రఫాయెల్ వరాన్ 2024లో 31 ఏళ్లకే ఆటకు స్వస్తి పలికాడు. డిఫెండర్లు సాధారణంగా 27, 28 ఏళ్లకు పరిపక్వతకు వస్తారు. అప్పటిదాకా శరీరాన్ని కాపాడుకోవడం ఆటగాడితో పాటు క్లబ్ బాధ్యత కూడా.

ప్రశంసలు కూడా భారమే. నెదర్లాండ్స్‌కు చెందిన మాథైస్ డి లిట్ 19 ఏళ్లకే అయాక్స్ సారథిగా 2019లో జట్టును ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌కు చేర్చాడు. అదే ఏడాది జువెంటస్‌కు, 2022లో బాయెర్న్ మ్యూనిక్‌కు, 2024లో మాంచెస్టర్ యునైటెడ్‌కు మారాడు. మంచి ఆటగాడిగానే కొనసాగినా, ప్రపంచంలోనే అత్యుత్తమ డిఫెండర్ అవుతాడన్న నాటి అంచనాలను అందుకోలేకపోయాడు. కుబార్సీ ఒప్పందంలో 2024లో బార్సిలోనా రాసుకున్న విడుదల మొత్తం 50 కోట్ల యూరోలు. అది ఇతర క్లబ్‌లను దూరంగా ఉంచేందుకు పెట్టిన అంకె మాత్రమే. ఆటగాడి విలువకు అది కొలబద్ద కాదు.

అంచనా ఏమిటి?

పాస్, స్థానం, మనోనిబ్బరం అనే మూడు కొలమానాల్లో కుబార్సీకి ఉన్నత శ్రేణి మార్కులు వేయవచ్చు. వేగం, బలిష్ఠులైన స్ట్రైకర్లతో గాలిలో పోరాటం అనే రెండింట మెరుగుపడాలి. బలం వయసుతో వస్తుంది. వేగం అంతగా పెరగదు కనుక, ఆ లోటును ముందుచూపుతోనే పూడ్చుకోవాల్సి ఉంటుంది. ఇటలీ దిగ్గజం పావ్లో మాల్దీనీ కూడా 1985లో 16 ఏళ్లకే ఏసీ మిలన్ జట్టులోకి వచ్చి, 2009 దాకా అదే క్లబ్‌కు ఆడాడు. ఆయన గొప్పతనం 17వ ఏట ఖరారు కాలేదు, రెండున్నర దశాబ్దాల ఆటతో నిరూపితమైంది. యువ డిఫెండర్ ఎవరినైనా ఒక్క సీజన్ చూసి ఆకాశానికెత్తడం, ఒక్క రెడ్‌కార్డు చూసి కొట్టిపారేయడం రెండూ తొందరపాటే.