అకితా కుక్క కథ - విశ్వాసం రక్తంలో ఉంటుందా?

మా వీధిలో ఒకాయన ఈమధ్య అకితా కుక్కపిల్లను కొన్నారు. చూడ్డానికి ముద్దుగా, చిన్న ఎలుగుబంటి పిల్లలా ఉంది. "ఇది మామూలు కుక్క కాదండీ, హచికో జాతి. విశ్వాసం దీని రక్తంలోనే ఉంది" అన్నారు గర్వంగా. పక్కనే ఉన్న ఇంకొకాయన వెంటనే, "అవును మరి, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని సామెత అందుకున్నారు. సంభాషణ అక్కడి నుంచి కుక్కలను వదిలేసి మనుషుల కులాల మీదికి వెళ్ళింది. నేను మాట్లాడకుండా ఇంటికి వచ్చాను. కానీ రక్తం మాట మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. ముప్ఫై ఆరేళ్ళు డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి. ఏ పద్దు చూసినా "దీనికి వోచరు ఏదీ?" అని అడగటం అలవాటు. ఈ పద్దుకు కూడా వోచర్లు వెతికాను.

అకితా అనేది జపాన్ ప్రధాన ద్వీపం హోన్షూ ఉత్తర భాగంలో ఉన్న ఒక ప్రాంతం. మంచు, కొండలు, అడవి. అక్కడ మతాగి అనే వేటగాళ్ళు ఎలుగులనూ, అడవి పందులనూ వేటాడటానికి మధ్యస్థ పరిమాణంలో ఉండే కుక్కలను పెంచేవారు. నేటి అకితాకు మూలం అవే. తర్వాత ఒదాతే పట్టణ పరిసరాల్లో ఈ కుక్కలను పందేలకు వాడారు. మన కోడిపందేల లాంటి వ్యవహారమే. పందెం గెలవాలంటే కుక్క పెద్దదిగా ఉండాలి. అందుకని 1868 తర్వాత, అంటే మెయిజీ కాలంలో, వీటిని తోసా కుక్కలతోనూ, యూరప్ నుంచి వచ్చిన మాస్టిఫ్‌లతోనూ కలిపారు. కుక్క పెద్దదైంది, కానీ నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక వంటి పాత లక్షణాలు చాలావాటిలో పోయాయి. 1908లో పందేలను నిషేధించారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎవరైనా ఒదాతే వెళ్ళి "స్వచ్ఛమైన అకితా" కావాలని అడిగితే చూపించడం కష్టమయ్యేది. 1927లో ఒదాతే పట్టణాధ్యక్షుడు ఇజుమి ఈ కుక్కల పరిరక్షణకు ఒక సంఘం పెట్టారు. 1928లో సైతో హిరోకిచి జపాన్ కుక్కలన్నిటి కోసం మరో సంఘం స్థాపించారు. 1931లో ప్రభుత్వం అకితాను "సహజ స్మారక సంపద"గా ప్రకటించింది. అంటే పందేల కోసం మనుషులు కలగాపులగం చేసిన కుక్కను, మళ్ళీ మనుషులే ఏరి, కూర్చి, దానికి "సహజం" అని ముద్ర వేశారు! జాతీయవాదం ఉవ్వెత్తున లేస్తున్న రోజులవి. దేశానికి స్వచ్ఛమైన రక్తం ఉన్న కుక్క కూడా కావలసి వచ్చింది.

సరిగ్గా ఆ సమయంలోనే దొరికింది హచికో.

హచికో 1923 నవంబరులో ఒదాతేలో పుట్టింది. మరుసటి ఏడాది టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఇంజనీరింగ్ బోధించే ఉఎనో హిదెసబురో ఇంటికి చేరింది. 1925 మే 21న ఆయన మెదడులో రక్తస్రావమై విశ్వవిద్యాలయంలోనే చనిపోయారు. ఇద్దరూ కలిసి ఉన్నది ఏడాదిన్నర కూడా లేదు. తర్వాత హచికో 1935 మార్చి 8న చనిపోయే దాకా, దాదాపు పదేళ్ళు, షిబుయా స్టేషన్‌కు వస్తూనే ఉంది. ఇది కట్టుకథ కాదు, నిజంగా జరిగిందే.

కానీ కథలో మనకు చెప్పని పేజీలున్నాయి. ఉఎనోతో కాపురం చేసిన యాఎకోకు చట్టప్రకారం వివాహం కాలేదు. ఆయన పోగానే ఆమె ఆ ఇల్లు వదలాల్సి వచ్చింది. కుక్క చేతులు మారి, చివరకు ఉఎనో ఇంట్లో తోటపని చేసిన కొబయాషి దగ్గర చేరింది. స్టేషన్‌లో మొదటి ఏడేళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ, తరిమినవాళ్ళు ఎక్కువ. 1932 అక్టోబరులో సైతో చొరవతో అసాహి పత్రికలో వార్త వచ్చింది. ఒక్కసారిగా అదే కుక్క దేశానికి ఆదర్శమైంది. 1934లో, అది బతికుండగానే, కంచు విగ్రహం పెట్టారు. ఆ దశకం మధ్యలో పిల్లల నీతిపాఠ్యపుస్తకంలోకి "చేసిన మేలు మరువకు" అనే పాఠంగా ఎక్కింది. పిల్లలు ఎవరికి విశ్వాసంగా ఉండాలో చెప్పనక్కరలేదు. చక్రవర్తికి, ఆయన సైన్యానికి.

తర్వాత ఏమైంది? యుద్ధం ముదిరాక లోహం చాలలేదు. 1944లో హచికో విగ్రహాన్ని తీసేశారు, తర్వాత కరిగించారు. సైనికుల దుస్తుల బొచ్చు కోసం కుక్కలను పట్టుకుని చంపారు. సైన్యానికి పనికొచ్చే జర్మన్ షెపర్డ్‌లకు మాత్రం మినహాయింపు ఉండటంతో, కొందరు తమ అకితాలను వాటితో సంకరం చేసి కాపాడుకున్నారు. విగ్రహాన్ని మలచిన అందో తేరు 1945 మేలో టోక్యో మీద జరిగిన విమానదాడిలో చనిపోయారు. విశ్వాసం గురించి పిల్లలకు పాఠం చెప్పిన ప్రభుత్వం, ఆ పాఠంలోని కుక్క జాతి పట్ల చూపిన విశ్వాసం ఇదీ!

ఇప్పుడు మనం చూసే విగ్రహం 1948లో అందో కుమారుడు చేసినది. ఇల్లు వదలాల్సి వచ్చిన యాఎకో 1961లో చనిపోతే, ఆమె అస్థికలను ఉఎనో సమాధిలో ఉంచింది 2016లో. కుక్కకు పదేళ్ళలో దక్కిన గుర్తింపు మనిషికి దక్కడానికి తొంభై ఏళ్ళు పట్టింది.

యుద్ధం ముగిసేసరికి అకితాలు కొద్దిగానే మిగిలాయి, వాటిలోనూ వేట రకం, పందెం రకం, షెపర్డ్ కలిసిన రకం అని మూడు తరహాలు. అమెరికన్ సైనికులు బరువైన కుక్కలను ఇష్టపడి తమ దేశానికి తీసుకెళ్ళారు. జపాన్‌వాళ్ళు మాత్రం పరాయి లక్షణాలను ఏరివేసి పాత రూపాన్ని మళ్ళీ తయారు చేసుకున్నారు. చివరకు అంతర్జాతీయ శునక సమాఖ్య రెంటినీ వేర్వేరు జాతులుగా విడదీసింది. ఒకే తాత మనవలు, యాభై ఏళ్ళలో రెండు జాతులు!

మరి స్వభావం సంగతి? అకితా మితంగా మొరుగుతుంది, ఇంటివాళ్ళకు అంటిపెట్టుకుని ఉంటుంది, కొత్తవారిని దగ్గరకు రానివ్వదు, సాటి కుక్కలతో తరచు తగవు పడుతుంది. పెంచినవాళ్ళు సాధారణంగా చెప్పే మాటలివి. ఇందులో వంశపారంపర్యం లేదని నేననను. కానీ 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పద్దెనిమిది వేలకు పైగా కుక్కల వివరాలు పరిశీలించింది. విడి కుక్కల ప్రవర్తనల్లోని తేడాలలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేల్చింది. రూపం జాతిని బట్టి, బుద్ధి చాలా మటుకు పెంపకాన్ని, అనుభవాన్ని, ఆ ఒక్క కుక్కను బట్టి. హచికో స్టేషన్‌కు రావడంలో ప్రేమ ఉంది, అలవాటు ఉంది, దయగలవాళ్ళు పెట్టే కోడిమాంసం ముక్కలూ ఉన్నాయి. మూడూ కలిసి ఉండకూడదని ఎవరన్నారు?

రక్తం సిద్ధాంతం రెండువైపులా కోస్తుందని కూడా మర్చిపోకూడదు. 2024 మార్చిలో మన కేంద్ర పశుసంవర్ధక శాఖ "ప్రమాదకరం" అంటూ నిషేధించమని రాష్ట్రాలకు పంపిన జాబితాలో అకితా కూడా ఉంది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు మరుసటి నెలలో ఆ సర్క్యులర్‌ను కొట్టివేసింది. సినిమాలో దేవత, సర్క్యులర్‌లో రాక్షసి. రెండుచోట్లా పుట్టుకను చూసి తీర్పు చెప్పారే తప్ప, ఎదుట ఉన్న కుక్కను ఎవరూ చూడలేదు.

మా వీధిలో కుక్కపిల్ల మే నెల ఎండకు నాలుక వేలాడేసి, గచ్చు మీద పొట్ట ఆనించి పడుకుంటోంది. మంచుకొండల కోసం పెరిగిన రెండు పొరల బొచ్చు దానిది. యజమానిని ఈసారి కలిసినప్పుడు రక్తం గురించి వాదించను. నీళ్ళు, నీడ, తెల్లవారుజామున నడక, చిన్నప్పటి నుంచే మనుషులతో అలవాటు - ఈ నాలుగూ చూసుకోమంటాను. విశ్వాసం అనేది ఉంటే అక్కడి నుంచే వస్తుంది. కుక్కలోనైనా, మనిషిలోనైనా.