రాజ్మా గింజలు, పలచటి ఉప్పునీళ్లు, కాస్త విషం

మూలుగ పాడయ్యే వంశపారంపర్య జబ్బు ఫాంకొని అనీమియా ఉందేమోనని అనుమానం వచ్చిన బిడ్డ రక్తం ల్యాబుకు చేరితే, అందులోని తెల్లకణాలకు ముందు రాజ్మా గింజల సారం పోస్తారు. తర్వాత విషం పెడతారు. ఈ సంగతి చదివినప్పటి నుంచీ ఈ పరీక్ష పుట్టుక వెంట పడ్డాను.

రాజ్మా కథ ఫిలడెల్ఫియాది, 1960 నాటిది. రక్తంలోంచి ఎర్రకణాలను ముద్దకట్టించి తీసేయడానికి అప్పట్లో ఈ సారం వాడేవారు. అదే సారం, విభజన మానేసి కూర్చున్న తెల్లకణాలను మళ్లీ విభజనకు పురికొల్పుతోందని పీటర్ నోవెల్ పసిగట్టారు. క్రోమోజోములు విడిగా కనబడేది కణం విభజన చెందేటప్పుడే. ఇక మూలుగ కోసం ఎముకలో సూది గుచ్చక్కర్లేదు, చేతి నరంలోంచి కాస్త రక్తం చాలు.

ఆ కణాలను తర్వాత ముంచే పలచటి ఉప్పునీళ్ల కథ ఇంకా పాతది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో టి.సి. షూ చూసే స్లైడ్లలో క్రోమోజోములు ఎప్పుడూ ఉండచుట్టుకునే ఉండేవి. ఉన్నట్టుండి ఒకనాడు విడివిడిగా, ముచ్చటగా కనిపించాయి. కణాలు కడిగే ఉప్పు ద్రావణాన్ని ఎవరో పొరపాటున పలచగా కలిపారు. పలచటి నీటిలో కణం ఉబ్బుతుంది, లోపలివి ఎడమెడమవుతాయి. 1952లో షూ ఆ సంగతి ప్రకటించారు. ద్రావణం కలిపిన చేయి ఎవరిదో మాత్రం ఆయనకు ఎన్నటికీ తెలియలేదు. చరిత్ర పోగొట్టుకున్న పేర్లలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మరో విచిత్రం, అంత చక్కగా కనిపిస్తున్నా షూ కూడా పాత లెక్క ప్రకారం మనిషి కణంలో క్రోమోజోములు 48 అనే అనుకున్నారు. 46 అని తేలింది 1955 డిసెంబరులో, స్వీడన్‌లోని లుండ్‌లో. తేల్చినవారు జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్.

జబ్బు వీటన్నిటికన్నా ముందుది. 1927లో స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు గుయిడో ఫాంకొని ముగ్గురు అన్నదమ్ముల్లో దీన్ని వర్ణించారు. 1964లో జర్మనీలో ట్రౌటె ష్రోడర్ బృందం ఈ రోగుల క్రోమోజోములు విరిగి ఉండడం గమనించింది. 1973లో జపాన్‌లో ససాకి, టోనోమురా విషం తెచ్చారు. అది మైటోమైసిన్, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన క్యాన్సర్ మందు. డీఎన్ఏ రెండు పోగులనూ అది కలిపి కుట్టేస్తుంది. మామూలు కణం ఆ కుట్టు విప్పుకుంటుంది. ఫాంకొని కణానికి అది చేతకాదు. క్రోమోజోములు తెగి, ముక్కలు అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి. పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తాన్నీ పక్కనే అదే విషంలో పెంచుతారు.

ఈ జబ్బు చాలావరకు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో అందుకే దీన్ని తెలుసుకోవాలి. పైకి ఏ లోపమూ కనిపించని పిల్లలూ ఉంటారు. అందుకే జబ్బున్న అన్నకు మూలుగ ఇవ్వబోయే తమ్ముణ్ణి కూడా ముందుగా పరీక్షించి తీరాలి.

పూర్వం క్రోమోజోముల ఫొటో తీసి, ఒక్కొక్కదాన్నీ కత్తెరతో కత్తిరించి, సైజు వారీగా అట్టకు అంటించేవారు. ఆ పని కంప్యూటర్‌కు పోయింది. వేగం పెరిగింది, నిజమే. కానీ ఒక్కో క్రోమోజోమునూ వేళ్లతో పట్టుకున్న ఆ చూపు పోయింది.

న్యూయార్క్‌లో ఆర్లీన్ ఆవర్‌బాక్ డైఎపాక్సీబ్యూటేన్ అనే మరో రసాయనంతో ఈ పరీక్షను స్థిరపరిచారు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లక్‌మన్ ప్రపంచంలోనే తొలి బొడ్డుతాడు రక్త మార్పిడి చేసింది ఫాంకొని ఉన్న ఒక అమెరికా పిల్లవాడికే. ఆ రక్తం అతని చెల్లెలు పుట్టినప్పుడు సేకరించినది. ఆమెకు జబ్బు లేదని, కడుపులో ఉండగానే పరీక్షించి చెప్పింది ఆవర్‌బాక్.