ఇద్దరు దత్తపుత్రులు, ఒక జమీందారీ

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో కన్నుమూశాక ఆయన జమీందారీ ఎవరిదన్న తగాదా మొదలైంది. మచిలీపట్నం, మద్రాసు కోర్టులు దాటి అది లండన్‌లోని అత్యున్నత అప్పీలు న్యాయస్థానం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1846లో తేలింది. 'రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ' అన్న పేరుతో ఆ తీర్పు హిందూ దత్తత చట్టానికి మూలస్తంభాల్లో ఒకటైంది.

వెంకటాద్రి నాయుడి ఏలుబడి కృష్ణానదికి రెండు వైపులా సాగింది. చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగా కట్టించుకున్నది ఆయనే. 1802 శాశ్వత శిస్తు నిర్ణయంతో ఈ సీమలోని జమీందారులు ఈస్టిండియా కంపెనీకి ఏటా స్థిరమైన పేష్కష్ (శిస్తు) చెల్లించే భూస్వాములయ్యారు. జమీందారీ కొనుగోలుకూ అమ్మకానికీ దావాకూ లోబడిన ఆస్తి అయింది. అదే ఏడాది రెగ్యులేషన్లతో జిల్లా కోర్టులు, వాటిపైన మచిలీపట్నంలో ప్రొవిన్షియల్ కోర్టు, మద్రాసులో సదర్ అదాలత్ అనే ఉన్నత అప్పీలు కోర్టు ఏర్పడ్డాయి. హిందూ ధర్మశాస్త్రం చెప్పడానికి కోర్టుల్లో పండితులు ఉండేవారు.

కడుపున పుట్టిన కొడుకులు లేని నాయుడు మొదట జగన్నాథ బాబును దత్తత చేసుకున్నారు. జగన్నాథ బాబు బతికి ఉండగానే రామనాథ బాబును కూడా దత్తు తీసుకున్నారు. నాయుడి మరణానంతరం ఆస్తికి ఇద్దరూ హక్కు చెప్పుకున్నారు. వ్యాజ్యం సాగుతూ తర్వాతి తరానికి పాకింది. కుటుంబంలోని స్త్రీలు కక్షిదారులయ్యారు; తీర్పు పేరులోని రంగమ్మ, అచ్చమ్మ వారే.

ప్రీవీ కౌన్సిల్ ముందున్న ప్రధాన ప్రశ్న ఒక్కటే: ఒక దత్తపుత్రుడు ఉండగా మరొకరిని దత్తు తీసుకోవచ్చా? కొడుకు లేనివాడికే దత్తతాధికారం. దత్తుడు వచ్చాక ఆ తండ్రి కొడుకు ఉన్నవాడే అవుతాడు. కాబట్టి రెండో దత్తత చెల్లదని కౌన్సిల్ తేల్చింది. దత్తుడికి పిత్రార్జితంలో ఔరసుడితో (కన్న కొడుకుతో) సమానమైన హక్కు ఉంటుందనీ, మరో దత్తతతో తండ్రి దాన్ని తగ్గించలేడనీ దీనివల్ల స్థిరపడింది.

హక్కు తేలేలోపు ఆస్తి చితికిపోయింది. 1832–33 నాటి కరువులో గుంటూరు జిల్లా 5 లక్షల జనాభాలో సుమారు 2 లక్షల మంది చనిపోయారని అంచనా. దున్నేవాళ్లు లేక పొలాలు బీడు పడ్డాయి, పేష్కష్ బకాయిలు పేరుకుపోయాయి. పరిస్థితిని విచారించడానికి వచ్చిన వాల్టర్ ఇలియట్ 1846లో నివేదిక ఇచ్చారు. బకాయిపడ్డ గుంటూరు జమీందారీలను ప్రభుత్వమే తీసుకుంది. భూములు రైత్వారీ పద్ధతిలోకి వచ్చాయి, శిస్తు సంబంధం నేరుగా రైతుకూ సర్కారుకూ మధ్య ఏర్పడింది.

వాసిరెడ్డి వారి వ్యాజ్యం నిలబెట్టిన సూత్రం మాత్రం 110 ఏళ్ల తర్వాత చట్టంలోకే ఎక్కింది. 1956 హిందూ దత్తతలు, మనోవర్తి చట్టం 11వ సెక్షన్ ప్రకారం, దత్తత చేసుకునే తల్లిదండ్రులకు కన్న కొడుకుగానీ దత్తపుత్రుడుగానీ సజీవంగా ఉంటే మరో కొడుకును దత్తు తీసుకోవడం చెల్లదు.