లైబ్రరీ మేడ మీద పుట్టిన మ్యూజియం

న్యూవార్క్ అంటే మనవాళ్ళకి ఎయిర్‌పోర్టు. న్యూజెర్సీలో ఉండే నాలాంటి తెలుగువాళ్ళం అమ్మానాన్నల్ని దించుకోడానికో, ఎక్కించడానికో అటు వెళ్తాం. ఊళ్ళోకి వెళ్ళే పని మాత్రం చాలామందికి పడదు. ఆ ఊరి నడిబొడ్డున, వాషింగ్టన్ స్ట్రీట్ మీద, ఒక ఆర్ట్ మ్యూజియం ఉంది.

ఆకురాలే కాలం రాగానే ఈ దేశంలో ప్రాంతీయ మ్యూజియంలు కొత్త సీజన్ కరపత్రాలు వేస్తాయి. ఒక పేజీలో ఎగ్జిబిషన్లు. రెండో పేజీలో పిల్లల వర్క్‌షాపులు, కుటుంబాల కోసం ఒక ఆదివారం, స్థానిక కళాకారులతో మాటామంతీ. మొదటి పేజీ శ్రద్ధగా చదువుతాం. రెండోది గ్రాంట్ల కోసం టిక్కు పెట్టిన చెక్‌బాక్సులా అనిపిస్తుంది. ఆ రెండో పేజీకి వందేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఇంకా తేలని తగాదా ఒకటి ఉంది. దాన్ని గట్టిగా మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు జాన్ కాటన్ డేనా.

డేనా (1856–1929) కళాకారుడు కాదు, కళా చరిత్రకారుడూ కాదు. లా చదివాడు, కొలరాడోలో సర్వే పని చేశాడు, చివరికి లైబ్రేరియన్ అయ్యాడు. డెన్వర్‌లో పనిచేసినప్పుడు పాఠకులు నేరుగా బీరువాల దగ్గరికి వెళ్ళి పుస్తకం తీసుకోవచ్చన్నాడు. ఇప్పుడు ఇది మామూలు విషయం. అప్పట్లో చాలా చోట్ల చీటీ రాసిచ్చి, లోపల్నుంచి పుస్తకం ఎప్పుడొస్తుందా అని కూర్చోవాల్సిందే. 1902లో న్యూవార్క్ వచ్చాక ఊళ్ళో వ్యాపారం చేసుకునేవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక శాఖ తెరిచాడు. 1909లో అదే లైబ్రరీ భవనం పై అంతస్తులో మ్యూజియం పెట్టాడు. నగరం పదివేల డాలర్లిచ్చి జార్జ్ రాక్‌వెల్ అనే ఆయన జపాన్ కళా వస్తువుల్ని కొనిపెట్టింది. అదీ మొదటి పెట్టుబడి.

లైబ్రరీ మేడ మీద పుట్టడం యాదృచ్ఛికం అనుకోను. డేనా దృష్టిలో మ్యూజియం కూడా లైబ్రరీలాగే పనిచెయ్యాలి. వస్తువులు బళ్ళకి అరువు వెళ్ళాలి, జనం దారిలోనే ఉండాలి, పని వేళలు పనివాళ్ళకి అనుకూలంగా ఉండాలి. ఊరికి దూరంగా పార్కులో గ్రీకు గుడిలాంటి భవనం కట్టి, దాన్ని ఖరీదైన తైలవర్ణ చిత్రాలతో నింపే పద్ధతంటే ఆయనకి ఒళ్ళుమంట. 1917లో ఆ ఒళ్ళుమంటనంతా ఒక చిన్న పుస్తకంగా రాశాడు. మంచి మ్యూజియం ఎలా ఉండాలో తెలియాలంటే డిపార్ట్‌మెంట్ స్టోర్‌ని చూడమన్నాడు. 1926లో మ్యూజియానికి సొంత భవనం కట్టించి ఇచ్చింది కూడా డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమానే, లూయీ బాంబర్గర్. తర్వాత ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్ చేరిన పరిశోధనా సంస్థకి మూలధనం ఇచ్చినవాళ్ళలో ఈయనా ఒకడు.

ఇక ఎగ్జిబిషన్లు. 1913లో మాక్స్ వెబర్ అనే ఆధునిక చిత్రకారుడి బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. 1915లో న్యూజెర్సీ మట్టితో తయారయ్యే వస్తువుల ప్రదర్శన. అందులో ట్రెంటన్ ఫ్యాక్టరీలో చేసిన పింగాణీ టాయిలెట్లు కూడా ఉన్నాయి. మార్సెల్ డూషాంప్ న్యూయార్క్‌లో ఒక మూత్రశాల తొట్టికి సంతకం పెట్టి కళ అన్నది 1917లో. డూషాంప్ సంగతి ఆర్ట్ పుస్తకాలన్నిటిలో ఉంటుంది, డేనా సంగతి అరుదుగా కనిపిస్తుంది. ఇద్దరి ఉద్దేశాలూ వేరు. డూషాంప్ ఆర్ట్ లోకాన్ని వెక్కిరించాడు. డేనా మాత్రం ఆ పింగాణీ పోతపోసిన కార్మికుడు తన పనిని అద్దాల పెట్టె పక్కన నిలబడి చూసుకోవాలనుకున్నాడు. 1916లో జౌళి ప్రదర్శన. 1920ల చివర్లో, యాభై సెంట్లు దాటని వస్తువుల్ని దుకాణాల్లో కొనుక్కొచ్చి వాటితోనూ ఒక ప్రదర్శన. అందానికి ధరతో, అరుదుతనంతో, వయసుతో సంబంధం లేదని ఆయన వాదన.

ఇదంతా చదువుతుంటే నాకు మన గ్రంథాలయోద్యమం గుర్తొచ్చింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలైన రోజులూ ఇవే. 1935లో పెదపులివర్రు నుంచి కాలవ మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ వెళ్ళాయి. మనవాళ్ళు పుస్తకాన్ని జనం దగ్గరికి తీసుకెళ్ళారు. డేనా అదే పని కప్పుతో, గుడ్డతో, బొమ్మతో చేశాడు.

మరి దీనివల్ల ఒరిగిందేమిటి? 1967 జులైలో న్యూవార్క్ తగలబడింది. నల్లవాళ్ళ మీద పోలీసుల దాష్టీకంతో రగిలిన ఆ రోజుల్లో 26 మంది చనిపోయారు. తర్వాత ఊరి ఖజానా చితికిపోయింది. 1969 ఫిబ్రవరిలో సిటీ కౌన్సిల్ లైబ్రరీకీ మ్యూజియానికీ డబ్బు పూర్తిగా ఆపేయాలని తీర్మానించింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ఫిలిప్ రాత్ న్యూయార్క్ టైమ్స్‌లో దాన్ని ఖండిస్తూ వ్యాసం రాశాడు. జనం నిరసన తెలిపారు. కౌన్సిల్ వెనక్కి తగ్గింది. అరువు తెచ్చుకున్నవాళ్ళే సొంతదారులయ్యారని నాకనిపిస్తుంది. గుమ్మం తొక్కని గుడి కోసం ఎవరూ వీధిలోకి రారు. కరపత్రంలోని రెండో పేజీ అసలు పని ఇదే. కష్టకాలంలో 'ఇది మాది' అనేవాళ్ళని తయారుచెయ్యడం.

కానీ కథ అంత తీపిగా ముగియదు. 2021లో, కోవిడ్ దెబ్బ తగిలిన కాలంలో, ఇదే మ్యూజియం కొన్ని చిత్రాల్ని వేలానికి పెట్టింది. అందులో థామస్ కోల్ 1846లో వేసిన 'ఆర్చ్ ఆఫ్ నీరో' ఉంది. పలువురు కళా చరిత్రకారులు వద్దని బహిరంగ లేఖ రాశారు. అయినా అమ్మేశారు, దాదాపు పది లక్షల డాలర్లకి.

డేనా ఉంటే ఏమనేవాడు? ఖరీదైన తైలవర్ణాలంటే ఆయనకి మోజు లేదు కాబట్టి 'అమ్మండి, ఆ డబ్బుతో ఊరికి పనికొచ్చేది చెయ్యండి' అనేవాడని సులువుగా వాదించొచ్చు. నేనిక్కడ ఒప్పుకోను. లైబ్రరీలో నలిగిన పుస్తకం తీసేస్తే ఇంకో కాపీ ఎక్కడో ఉంటుంది. కోల్ బొమ్మకి ఇంకో కాపీ లేదు. నా వృత్తి భాషలో చెప్పాలంటే, అది బ్యాకప్ లేని డేటా. డేనా పోలిక చాలా దూరం నడుస్తుంది గానీ, ఇక్కడ ఆగిపోతుంది.

పైగా ఇంకో సంగతి. అందానికి ధరతో పనిలేదన్న మాట రెండు వైపులా పదునున్న కత్తి. యాభై సెంట్ల కప్పు చవకని తోసెయ్యకూడదన్నది ఒక వైపు. పది లక్షల బొమ్మ ఖరీదైనది కాబట్టి అది ఈ ఊరివాళ్ళకి ఎక్కువ, ఇంకెక్కడో ఉండాలి అనకూడదన్నది రెండో వైపు. న్యూవార్క్‌లో బస్సు దిగి నడిచొచ్చే పిల్లకి మట్టిపనితో పాటు కోల్ కూడా దక్కాలి. రాత్ 1959లో రాసిన 'గుడ్‌బై, కొలంబస్'లో ఇదే ఊరి లైబ్రరీకి ఒక నల్లపిల్లాడు రోజూ వచ్చి గోగాన్ బొమ్మల పుస్తకం చూసి పోతుంటాడు. ఆ పిల్లాడికి గోగాన్ ఎందుకని ఎవరైనా అడిగితే మనకి కోపం రావాలి.

ఈసారి ఎయిర్‌పోర్టుకి వెళ్ళినప్పుడు ఫ్లైట్ ఆలస్యమైతే కాస్త లోపలికి వెళ్ళి చూడండి. అక్కడ టిబెటన్ బౌద్ధ పూజావేదిక ఉంది. 1990లో దలైలామా స్వయంగా ప్రతిష్ఠించారు. జోసెఫ్ స్టెల్లా న్యూయార్క్ నగరం మీద వేసిన అయిదు పలకల పెద్ద చిత్రం ఉంది. వచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర కరపత్రం తీసుకుని, ముందు రెండో పేజీ చదవండి.