పూర్వనిర్ణయం, మారుమనస్సు: క్రైస్తవ చింతనలో ఒక చారిత్రక వివాదం

పరిచయం

మనిషి మారితే ఆ మార్పు ఎవరి పని? అతడే మారతాడా, దేవుడు మారుస్తాడా? దేవుడే మారుస్తాడంటే కొందరినే ఎందుకు మారుస్తాడు? క్రైస్తవ మత చరిత్రలో ఈ ప్రశ్నలు పదిహేను శతాబ్దాలకు పైగా మళ్ళీ మళ్ళీ తలెత్తాయి. వీటిపై సభలు జరిగాయి, సంఘాలు చీలిపోయాయి, బోధకులు పదవులు పోగొట్టుకున్నారు.

ముందుగా రెండు పదాల అర్థం తెలుసుకుందాం. రక్షణ పొందేవారిని దేవుడు సృష్టికి పూర్వమే ఏర్పరచుకొన్నాడనే నమ్మకాన్ని పూర్వనిర్ణయం అంటారు. పాపాన్ని విడిచి దేవుని వైపు తిరగడం మారుమనస్సు. ఆ తరువాత జీవితమంతా సాగే మార్పును పరిశుద్ధీకరణ అంటారు.

పూర్వనిర్ణయమంటే మన తలరాత వంటిదేనని పరీక్ష జవాబుల్లో చాలామంది రాస్తుంటారు. అది సరికాదు. పెళ్ళి, సంపద, రోగం, చావు వంటి జీవిత సంఘటనలను తలరాతకు ముడిపెడతాం. ఈ వివాదంలో ప్రధాన విషయం అవి కాదు, ఆత్మ రక్షణ. కర్మ సిద్ధాంతానికీ దీనికీ కూడా తేడా ఉంది. కర్మ సిద్ధాంతంలో ఫలితానికి కారణం మనిషి చేసిన పనులే. పూర్వనిర్ణయవాదుల దృష్టిలో మంచి పనులు రక్షణకు కారణం కావు, రక్షణ వల్ల కలిగే ఫలం. ఈ వ్యాసం చదువుతున్నంతసేపూ 'కారణమా? ఫలమా?' అన్న ప్రశ్నను గుర్తుంచుకోండి.

అగస్టీన్, పెలాజియస్

దేవుడు కొందరిని ముందుగా ఏర్పరచుకోవడం గురించి పౌలు రోమీయులకు, ఎఫెసీయులకు రాసిన పత్రికల్లో ప్రస్తావన ఉంది. దాన్ని విస్తృతమైన సిద్ధాంతంగా తీర్చిదిద్దినవాడు ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ (354–430). ఆయన మిలాన్ నగరంలో అలంకారశాస్త్రం బోధించేవాడు. అక్కడ 386లో ఆయన జీవితం మలుపు తిరిగింది. మంచి ఏదో తెలిసినా దాని వైపు మనసు పూర్తిగా మళ్ళకపోవడాన్ని ఆయన తన 'కన్ఫెషన్స్' గ్రంథంలో వివరించాడు. మంచిని కోరుకునే శక్తి కూడా దేవుని కృప వల్లనే కలుగుతుందన్నది ఆయన చేరుకున్న నిర్ణయం.

బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలాజియస్ దీనికి ఒప్పుకోలేదు. రోము క్రైస్తవుల నైతిక జీవితం సడలిపోయిందని ఆయన బాధ. దేవుడు ఒక పని చేయమని ఆజ్ఞాపించాడంటే, దాన్ని చేయగల శక్తి మనిషికి ఉన్నట్లే కదా అని ఆయన వాదించాడు. అంతా కృపపై వదిలేస్తే మనిషి బాధ్యత ఏమైపోతుందన్నది ఆయన ఆందోళన. 418లో కార్తేజ్ సభ పెలాజియస్ బోధను ఖండించింది.

వివాదం అంతటితో ముగియలేదు. నేటి ట్యునీషియా ప్రాంతంలోని హడ్రుమేటమ్ మఠ సన్యాసులు అగస్టీన్ వాదం నుంచి ఒక చిక్కు ప్రశ్న లేవదీశారు. మారడం దేవుని చేతిలో ఉన్నప్పుడు, మేము తప్పు చేస్తే మఠాధిపతి మమ్మల్ని మందలించడం దేనికి? మా కోసం ప్రార్థిస్తే చాలదా? అగస్టీన్ దీనికి ఒక గ్రంథమే జవాబుగా రాశాడు. మనిషిని మార్చడానికి దేవుడు వాడుకొనే సాధనాల్లో మందలింపు కూడా ఒకటని ఆయన సమాధానం. ఈ 'సాధనం' అన్న మాట తరువాతి శతాబ్దాల్లో మళ్ళీ మనకు ఎదురవుతుంది.

529లో ఆరెంజ్ సభ కృపకే ప్రథమ స్థానమని అంగీకరించింది. అయితే దేవుడు కొందరిని చెడుకే నిర్ణయించాడన్న భావాన్ని తిరస్కరించింది.

కాల్విన్, డార్ట్ సభ

పూర్వనిర్ణయం అనగానే ఇప్పుడు మనకు గుర్తువచ్చే పేరు జాన్ కాల్విన్ (1509–1564). ఆయన రాసిన 'ఇన్‌స్టిట్యూట్స్' గ్రంథం మొదటిసారి 1536లో వెలువడింది. 1559 నాటి తుది రూపంలో ఈ సిద్ధాంతం మొదట్లో రాదు. విశ్వాసం, మారుమనస్సు, ప్రార్థనలను వివరించిన తరువాత మూడవ సంపుటి చివరి భాగంలో వస్తుంది. ఈ క్రమం గమనించదగినది. దేవుని రహస్య నిర్ణయంలోకి తొంగి చూడవద్దని, క్రీస్తును అద్దంగా చేసుకొని అందులో తమ ఏర్పాటును చూసుకోమని కాల్విన్ విశ్వాసులకు చెప్పాడు. భయపెట్టడం కాక ధైర్యం చెప్పడం ఆయన ఉద్దేశం. ఈ సిద్ధాంతం దేవుణ్ణే పాపానికి కర్తగా చేస్తుందని విమర్శించిన జెరోమ్ బోల్సెక్‌ను మాత్రం 1551లో జెనీవా నుంచి బహిష్కరించారు.

కాథలిక్కుల ట్రెంట్ సభ 1547లో భిన్నమైన వైఖరి తీసుకుంది. కృప ముందుగా వచ్చినా, మనిషి స్వేచ్ఛతో దానికి సహకరించాలని, ప్రత్యేక దైవ ప్రకటన లేకుండా తాను ఏర్పరచబడినవాణ్ణని ఎవరూ నిశ్చయంగా అనుకోరాదని అది ప్రకటించింది.

ప్రొటెస్టెంట్లలోనూ ఏకాభిప్రాయం లేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆర్మీనియస్ (1560–1609) ఒక సవరణ సూచించాడు. ఎవరు విశ్వసిస్తారో దేవునికి ముందే తెలుసు, ఆ ఎరుకను బట్టే వారిని ఏర్పరచుకొన్నాడు అని ఆయన భావం. 1610లో ఆయన అనుచరులు ఐదు అంశాలతో ఒక విజ్ఞప్తి సమర్పించారు. 1618–19లో డార్ట్ నగరంలో జరిగిన సభ వాటిని తోసిపుచ్చింది. అప్పటికే ఈ వివాదం రాజకీయ కలహంతో ముడిపడింది. ఆర్మీనియస్ పక్షానికి అండగా నిలిచిన రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు రాజద్రోహ నేరం మోపి 1619 మేలో మరణశిక్ష అమలు చేశారు.

గుర్తుల కోసం వెతుకులాట

నిర్ణయం ముందే జరిగిపోయిందని నమ్మినవారు చేతులు ముడుచుకు కూర్చోవాలి. తర్కం చెప్పేది ఇదే. చరిత్రలో జరిగింది వేరు. 'ఏర్పరచబడినవారిలో నేనున్నానా?' అన్న ప్రశ్న ఇంగ్లండ్ ప్యూరిటన్లను నిద్రపోనివ్వలేదు. మారిన జీవితమే ఏర్పాటుకు గుర్తు అయినప్పుడు, ఆ గుర్తు తమలో ఉందో లేదో వారు రోజూ వెతుక్కున్నారు. ఎందరో దినచర్య పుస్తకాల్లో తమ మనసును తామే పరీక్షించుకున్నారు.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1630ల నుంచి సంఘ సభ్యత్వం కోరేవారు తమలో కృప చేసిన పనిని సభ్యుల ఎదుట చెప్పుకోవలసి వచ్చింది. తరువాతి తరంలో అలా చెప్పలేనివారు పెరిగారు. వారి పిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చా అన్న సమస్య వచ్చింది. 1662లో ఒక మధ్యేమార్గం కుదిరింది. అటువంటివారి పిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చు, కాని తల్లిదండ్రులకు పూర్తి సభ్యత్వం ఉండదు. లోపలి మార్పును బయటి నియమంగా చేస్తే ఎదురయ్యే చిక్కు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ ఆందోళనే క్రమశిక్షణతో కూడిన శ్రమకు, పొదుపుకు దారితీసిందని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904–05లో వాదించాడు. ఆ వాదంపై చరిత్రకారుల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయి.

ఫుల్లర్, కేరీ: తెలుగుతో ముడి

పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండ్‌లో కొందరు బాప్టిస్టు బోధకులు ఈ సిద్ధాంతాన్ని చివరి అంచు వరకు లాగారు. ఏర్పరచబడనివారు విశ్వసించలేరు కాబట్టి, అందరినీ విశ్వసించమని పిలవడం తగదన్నారు. అదే సంప్రదాయానికి చెందిన ఆండ్రూ ఫుల్లర్ 1785లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని ఖండించాడు. మనిషి అశక్తతకు మూలం ఇష్టం లేకపోవడమే, కాబట్టి విశ్వసించే బాధ్యత అందరికీ ఉంది, పిలవడం బోధకుని విధి అని ఆయన వాదం. ఆయన పూర్వనిర్ణయాన్ని వదులుకోలేదు.

ఆ వాదం నుంచి బలం పొందినవారిలో ఒకప్పుడు చెప్పులు కుట్టి జీవించిన విలియం కేరీ ఒకడు. 1792లో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకం శీర్షికలోనే 'సాధనాలు' అన్న మాట ఉంది. అన్య మతస్థుల మార్పు కోసం సాధనాలు వాడటం క్రైస్తవుల బాధ్యత అన్నది దాని సారం. హడ్రుమేటమ్ సన్యాసులకు అగస్టీన్ ఇచ్చిన జవాబు ఇక్కడ కొత్త రూపంలో వినిపిస్తుంది. అదే ఏడాది అక్టోబరులో కెట్టరింగ్‌లో బాప్టిస్టు మిషనరీ సంఘం ఏర్పడింది. 1793లో కేరీ బెంగాల్ చేరాడు. 1800 నుంచి సెరాంపూర్ ఆయన కేంద్రమైంది. అక్కడ 1814లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. రక్షణ దేవుని నిర్ణయమేనని నమ్మిన మనిషి, వ్యాకరణాన్నీ అచ్చుయంత్రాన్నీ ఆ నిర్ణయానికి సాధనాలుగా చూశాడు.

సారాంశం

పూర్వనిర్ణయాన్ని నమ్మినవారంతా నిష్క్రియులు కాలేదు, స్వేచ్ఛను నమ్మినవారంతా కృపను కాదనలేదు. మార్పును ఎక్కడ ఉంచారన్నదే వారి మధ్య అసలు తేడా. పెలాజియస్ మనిషి బాధ్యతను కాపాడాలనుకున్నాడు. అగస్టీన్ తన బలంతో తాను మారలేకపోయిన మనిషికి ఆశ చూపాలనుకున్నాడు. రెండూ నిజమైన అవసరాలే. అందుకే ఏ సభ తీర్పూ ఈ వివాదాన్ని ముగించలేకపోయింది. ఒక సిద్ధాంతం మనుషులను ఎలా నడిపిందో తెలుసుకోవాలంటే దాని తర్కాన్ని మాత్రమే చూస్తే చాలదు. దాన్ని నమ్మినవారు ఏం చేశారో కూడా చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పూర్వనిర్ణయానికీ, తలరాత, కర్మ భావనలకూ గల తేడాలేమిటి?
2. అగస్టీన్, పెలాజియస్‌ల వాదాల వెనుక ఉన్న ఆందోళనలను పోల్చండి.
3. 'సాధనం' అన్న భావన అగస్టీన్ నుంచి కేరీ వరకు ఎలా కొనసాగిందో వివరించండి.