‘టెంపరరీ’ – ఒక మాట పుట్టుక, పెరుగుదల

అమెరికా వచ్చిన తెలుగువారిలో చాలామందికి వీసా కాగితంతోపాటు సంక్రమించే ఆంగ్ల విశేషణం ‘టెంపరరీ’. దీనిని మనం ‘తాత్కాలికం’ అని తెలుగుచేసుకుని, ‘కొద్దికాలమే కదా’ అని సరిపెట్టుకుంటాం. కాని ఎంతకాలమో ఆ మాట ఎన్నడూ చెప్పలేదు.

లాటిన్ భాషలో ‘టెంపుస్’ అంటే కాలం. దాని నుంచి పుట్టిన విశేషణం 16వ శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చి ‘టెంపరరీ’ అయింది. సమకాలీనుణ్ణి చెప్పే ‘కంటెంపరరీ’ దీనికి తోబుట్టువు. మన అవధానులు ఆశువుగా పద్యం చెప్పడాన్ని ఆంగ్లంలో వర్ణించే ‘ఎక్స్‌టెంపోర్’ కూడా ఆ ఇంటిదే. మన ‘తాత్కాలికం’లోనూ ఉన్నది ‘తత్’, ‘కాలం’ మాత్రమే. ఆ కాలానికి చెందినది అని అర్థం.

దీనికి ఎదురుమాటగా వాడే ‘పర్మనెంట్’ వేరే గోత్రానిది. ‘మనేరే’ అంటే నిలిచి ఉండటం. ‘పెర్’ అంటే కడదాకా. భవంతిని చెప్పే ‘మాన్షన్’ కూడా ఈ ధాతువు నుంచి వచ్చినదే. అంటే ఒక మాట గడియారాన్ని చూస్తుంది, మరొకటి ఇంటిని చూస్తుంది. ఈ రెండింటి మధ్య దూరమే ఇక్కడి మనవారి చరిత్ర.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ చేరారు. భారతీయులు ఈ దేశ పౌరసత్వానికి అర్హులు కారని భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినదీ ఆ ఏడే. 1946లో ల్యూస్–సెల్లర్ చట్టం ఆ అడ్డు తొలగించి, ఏటా 100 మంది భారతీయులు వలస రావచ్చునన్నది. 1948లో కన్నుమూసేనాటికి కూడా సుబ్బారావు గారు అమెరికా పౌరులు కాలేదు. ప్రపంచానికి ప్రాణదానం చేసే మందులపై పాతికేళ్లు శ్రమించిన మనిషి ఈ గడ్డపై పరదేశిగానే వెళ్లిపోయారు.

ప్రతిభావంతులైన విదేశీయులకు హెచ్-1 వీసా ఏర్పరచినది 1952 నాటి చట్టం. అప్పట్లో మనిషి రాక తాత్కాలికం, చేసే పని కూడా తాత్కాలికం కావాలి. స్వదేశంలో వదులుకోని నివాసమూ ఉండాలి. 1970లో పని తాత్కాలికమై ఉండాలన్న నియమం పోయింది. అంటే కుర్చీ శాశ్వతం, కూర్చునే మనిషి తాత్కాలికం. 1990లో హెచ్-1బి వచ్చినప్పుడు స్వదేశ నివాసపు నియమమూ పోయింది. మామూలుగా మూడేళ్లు, మరో మూడేళ్లు కలిపి ఆరేళ్లు గడువు. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసేవారికి ఆ పైన కూడా పొడిగించే వీలు 2000లో కలిగింది. ఇలా చట్టం పొడిగిస్తూ పోగా, మాట మాత్రం మారలేదు.

1965 నాటి చట్టంతో శాశ్వత నివాసానికే నేరుగా వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు మన సంఘాలకు పునాదులు వేశారు. తరవాతి తరానికి ఆ దారి ఇరుకైంది. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వరాదన్న పరిమితి వల్ల, ఉద్యోగంపై వచ్చిన భారతీయులు ఏళ్ల తరబడి వరుసలో నిలబడుతున్నారు. చంకనెత్తుకుని తెచ్చిన బిడ్డకు 21 ఏళ్లు నిండితే, తల్లిదండ్రుల వీసా నీడ ఆ బిడ్డకు తొలగిపోవచ్చు. తెలుగుదేశం గుర్తులేని ఆ బిడ్డ ‘తాత్కాలికం’ ఎక్కడ, ‘శాశ్వతం’ ఎక్కడ?

విచిత్రమేమంటే, ‘పర్మనెంట్’ అని రాసి ఇచ్చే కార్డుకు కూడా సాధారణంగా పదేళ్లే గడువు. హోదా నిలుస్తుంది, కార్డు మాత్రం మార్చుకోవాలి. కాగితానికి శాశ్వతత్వం లేదని ప్రభుత్వమే ఒప్పుకుంటున్నట్టు!

మన పండుగలలో కొత్తవారిని పలకరించగానే ‘సెటిలయ్యారా?’ అంటాం. ఆ ప్రశ్నకు జవాబు వారి చేతిలో లేదు. దానికి బదులు ‘పిల్లవాడికి ఎన్నేళ్లు? వకీలు సలహా ఏమైనా కావాలా?’ అని అడగగలిగితే, ముందు వచ్చినవారి అనుభవం వెనక వచ్చినవారికి అక్కరకొస్తుంది. గడువు వీసాకే గాని మన ఆదరానికి కాదు.