శ్రీహరికోటలో సాఫ్ట్‌వేర్ పరీక్ష

సాఫ్ట్‌వేర్ పరీక్ష అంటే ప్రోగ్రాము ఉద్దేశించిన పని చేస్తున్నదా అన్నదే కాక, అనుకోని పరిస్థితిలో ఎలా ప్రవర్తిస్తుందో కూడా ముందే తరచి చూసే ప్రక్రియ. గూడూరు–చెన్నై రైలు మార్గంలోని సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట నుంచి 2022 ఆగస్టు 7న ఎగిరిన ఎస్‌ఎస్‌ఎల్‌వి-డి1 రాకెట్టు ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. ఘన ఇంధన దశలు మూడూ సరిగానే మండాయి. అయితే రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన కంపనం నేల మీది పరీక్షల్లో కనిపించిన దానికన్నా ఎక్కువసేపు ఉండటంతో, వేగంలోని మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు క్షణకాలం తమ కొలత హద్దు దాటాయి. సెన్సర్లు చెడ్డాయో లేదో దానంతటదే తేల్చే సాఫ్ట్‌వేర్ తర్కం వాటన్నిటినీ చెడినవిగా లెక్కగట్టి, ఆ కొలతలతో పనిలేని అత్యవసర విధానానికి మారింది. దాంతో 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు చేరవలసిన ఈఓఎస్-02, ఆజాదీశాట్ ఉపగ్రహాలు ఒక కొస భూమికి 76 కిలోమీటర్ల ఎత్తుకే దిగే కక్ష్యలో పడి నిరుపయోగమయ్యాయి. నిజానికి సెన్సర్లు చెడలేదు, ప్రోగ్రాము రాసినట్టే నడిచింది. పొరపాటు పరీక్షకు ఆధారమైన అంచనాలో ఉంది, ఈ ఉదంతం విలువ అంతా అక్కడే ఉన్నది. విడదీసే యంత్రాంగాన్ని మార్చి, తర్కాన్ని సవరించిన తరువాత 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వి-డి2 అక్కడినుంచే ఎగిరి మూడు ఉపగ్రహాలను 450 కిలోమీటర్ల కక్ష్యలో చేర్చింది.